సరిహద్దు దాటిన మురుకుల గొట్టం

సత్యవేడు,
10 నవంబరు 2024

అక్కకు,

తమ్ముడు దయానంద్ వందనాలు. ఇక్కడ అందరం క్షేమం. ఫోనులో నా మాట నీకు వినబడదు, గట్టిగా అరవడం నాకు చేతకాదు. అందుకే మళ్ళీ కాగితం పట్టుకున్నాను.

నీ మేనకోడలు నిస్సీ తిరుపతిలో నర్సింగ్ రెండో సంవత్సరంలోకి వచ్చింది. హాస్టల్లో చారు నీళ్ళలా ఉంటుందట. నీ మరదలు జయంతి మణికట్టు నొప్పి కొంచెం తగ్గింది. వర్షాలు బాగానే పడ్డాయి.

ఒక విషయం అడగాలి. నాకు తెలిసిన ఒకాయన ఉన్నాడు. ఫ్యాక్టరీలో ఉద్యోగం. షిఫ్టు అయ్యాక, ఆదివారాలు చర్చి నుంచి వచ్చాక, ఇంట్లో ఒక వస్తువు తయారు చేసి అమ్ముతున్నాడు. జీతం మీద పన్ను సంగతి కంపెనీ వాళ్ళే చూసుకుంటారు. పైన వచ్చే ఈ డబ్బు గురించి ఎవరికైనా చెప్పాలా అని ఆయన అడుగుతున్నాడు. మా అక్క చిత్తూరులో ఆడిటరు దగ్గర చాలా ఏళ్ళు టైపిస్టుగా చేసింది, అడిగి చెబుతానన్నాను. తీరిక ఉంటే రాయి.

వేరే పార్శిల్లో నీకు ఒక మురుకుల గొట్టం పంపాను. బల్ల మీద నిలబెట్టి, పైనున్న పొడవాటి పిడిని కిందికి లాగితే చాలు. రెండు చేతులతో పిండనక్కరలేదు.

నీ తమ్ముడు
దయానంద్


చిత్తూరు,
18 నవంబరు 2024

దయాకు అక్క కృపామణి దీవెనలు.

ఉత్తరమూ అందింది, గొట్టమూ అందింది. నీకు తెలిసిన ఆ ఒకాయన నాకు ఇంకా బాగా తెలుసు. చిన్నప్పుడు చర్చి గంట తాడు తెంపేసి, “ఎవురో తెంపినారు నాయనా” అని చెప్పినాయనే కదా? ఆయనకు నా తరఫున వందనాలు చెప్పు.

మా పక్కింటి శకుంతలమ్మ మురుకులు చేసి అంగళ్ళకు వేస్తుంది. నీ గొట్టం చూసి నా ఎదురుగా నిలబడి, పెదాలు నాకు అర్థమయ్యేలా విప్పి అడిగింది.

“ఇది యాడ కొన్నావు?”

“కొనలేదు. మా తమ్ముడు చేసినాడు.”

“మీ తమ్ముడు నోరే తెరవడంటివే?”

“తెరవడు. ఆ మిగిలిన బలమంతా చేతుల్లోకి పోయినట్టుండాది.”

పడితో రెండు కొలతల పిండి ఆమే ఒత్తింది. పోతూ పోతూ గొట్టం కూడా చంకన పెట్టుకుని పోయింది. ఇంకా తిరిగి రాలేదు.

ఇక ఆ ఒకాయన సంగతి. చెప్పాలి. జీతం ఒకటి, వ్యాపారం ఒకటి అని ప్రభుత్వం విడివిడిగా చూడదు. రెండూ ఒకే మనిషి ఆదాయం. కంపెనీ కోసే పన్ను జీతానికి మాత్రమే లెక్క. మిగతాది మనమే చూపించుకోవాలి. జీతం ఒక్కటే ఉన్నవాళ్ళు వేసే ఒకటో నంబరు ఫారం ఇక పనికిరాదు. చిన్న వ్యాపారానికి నాలుగో నంబరు ఫారం ఉంది. అందులో వచ్చే పైసా, పోయే పైసా రాయనక్కరలేదు. అమ్మకాల్లో నూటికి ఎనిమిది, బ్యాంకు ద్వారా వచ్చినదానికైతే ఆరు, లాభంగా చూపాలి. నిజంగా మిగిలింది అంతకన్నా ఎక్కువైతే ఆ ఎక్కువే చూపడం ధర్మం. జీతంలో కోసింది పోగా కట్టవలసింది పదివేలు దాటేలా ఉంటే మార్చి పదిహేనుకల్లా ముందే కట్టాలి.

భయపడేది ఏమీ లేదు. కానీ ఆ వ్యాపారం ఎవరి పేరు మీద ఉంది, సరుకు ఎక్కడికి పోతోంది? అది తెలియకుండా నేను ఇంకేమీ చెప్పలేను.

అక్క


సత్యవేడు,
2 డిసెంబరు 2024

అక్కకు,

వందనాలు. ఆ ఒకాయన నేనే.

జయంతికి మణికట్టు వాచి పిండి ఒత్తలేకపోయేది. పోయిన ఏడు ఆమె కోసమే మొదటిది చేశాను. ఫ్యాక్టరీ టూల్ రూములో నాకు ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు, చూసి నేర్చుకున్నాను. అది ఇక్కడ పనికొచ్చింది. చుట్టుపక్కల వాళ్ళు అడిగారు, చేశాను. బోనసు డబ్బుతో చెన్నైలో ఇనుము కోసే పాత లేత్ మిషను ఒకటి కొని వెనక రేకుల షెడ్డులో పెట్టాను.

వ్యాపారం జయంతి పేరు మీద ఉంది. డబ్బు ఆమె ఖాతాలోకే వస్తుంది. నా పేరు ఎక్కడా లేదు. కంపెనీ ఇచ్చిన ఉద్యోగపు కాగితంలో, రాతపూర్వక అనుమతి లేకుండా వేరే వ్యాపారం చేయకూడదని ఒక వాక్యం ఉంది. అందుకని.

సరుకు ఎక్కువగా ఊత్తుకోటకు పోతుంది. అక్కడ ధనశేఖర్ అని పాత్రల అంగడి ఆయన. ఎన్ని చేసినా తీసుకుంటానంటాడు. తిరుపతికి వేసుకుపోవాలంటే సగం పూట బస్సులోనే పోతుంది, ఊత్తుకోట అయితే పోయి వచ్చి అన్నం తినవచ్చు. అట్టపెట్టెలో పెట్టి నేనే తీసుకుపోతాను. “పెట్టె ఎవురిదప్పా?” అని కండక్టరు అడుగుతాడు. తెలిసినవాళ్ళది అని చెబుతాను.

అంతా సవ్యంగానే ఉంది. క్రిస్మస్‌కు జయంతి నీకు మురుకులు పంపుతుంది.

దయానంద్


చిత్తూరు,
9 డిసెంబరు 2024

దయా,

అంతా సవ్యంగా ఉందని రాశావు. ఏమి సవ్యంగా ఉంది రా?

లేత్ కొన్న డబ్బు నీది. తిప్పే చేతులు నీవి. పెట్టె మోసేది నువ్వు. జయంతి పేరు మాత్రం అతికించావు. ఇలాంటివాళ్ళు మా ఆఫీసుకు వచ్చేవాళ్ళు. చేతిలో నోటీసు ఉండేది, వెనక భార్య ఏమీ తెలియక చీర కొంగు తిప్పుతూ నిలబడి ఉండేది. మొగుడు డబ్బు పెట్టి భార్య పేరున నడిపితే ఆ లాభం మొగుడి ఆదాయంలోకే వచ్చి కలుస్తుంది. పేరు మార్చినందువల్ల నీకు తగ్గేది ఏమీ లేదు. అడిగేవాడు వస్తే ముందు నిలబడవలసింది మాత్రం జయంతి. ఆమెతో ఈ మాట చెప్పావా?

రెండోది ఇంకా పెద్దది. ఊత్తుకోట మనకు సంత. అమ్మ రవికె గుడ్డలు అక్కడే కొనేది, నాయన చెప్పులు అక్కడే కుట్టించేవాడు. మనకు అది పక్క ఊరు. చట్టానికి పక్క రాష్ట్రం, తమిళనాడు. మన రాష్ట్రంలో నువ్వు తిరుపతిలో అమ్ము, చిత్తూరులో అమ్ము, అమ్మకం నలభై లక్షలు దాటేదాకా జీఎస్టీ వాళ్ళు నిన్ను రమ్మనరు. సరిహద్దు దాటించి ఒక్క గొట్టం అమ్మాలన్నా ముందు రిజిస్ట్రేషను ఉండాలి. మన వైపు వాళ్ళంతా చేసే పొరపాటే ఇది. అన్నం తినేలోపల పోయివచ్చే ఊరు ఇంకొక రాష్ట్రమని ఎవరికి తోస్తుంది?

రిజిస్ట్రేషను తీసుకునేంత వరకు ఊత్తుకోటకు పంపవద్దు. తీసుకుంటే నీ పేరు మీదే తీసుకో. దానికి ముందు కంపెనీని అనుమతి అడుగు. ఆదాయపు పన్ను రిటర్ను కంపెనీకి పోదు కానీ, జీఎస్టీలో ఎవరి పేరు ఉందో ఎవరైనా చూడవచ్చు. దాక్కోవడానికి లేదు.

కోపంగా రాశానని తెలుసు. మురుకులు మాత్రం పంపించమను.

అక్క


సత్యవేడు,
16 ఫిబ్రవరి 2025

అక్కకు,

ఆలస్యమైంది. క్షమించు.

ఊత్తుకోటకు పంపడం నువ్వు రాసిన రోజే ఆపాను. ధనశేఖర్ రెండు సార్లు మనిషిని పంపాడు. చేయడం లేదని చెప్పాను.

కంపెనీని అడగడం గురించి ఆలోచించాను. సంక్రాంతి ముందు పక్క ఫ్యాక్టరీలో రామచంద్ర అని ఒక సూపర్‌వైజరును తీసేశారు. బయట మోటారు సైకిళ్ళ ఏజెన్సీ పెట్టాడు, చెప్పలేదు. టీ అంగడి దగ్గర అందరూ ఆయన మాటే. “ఉన్న గంజి చాలక పాయసానికి పోయినాడు” అన్నాడు ఒకడు. నేను టీ తాగకుండానే వచ్చేశాను.

నిస్సీకి ఇంకా రెండేళ్ళ ఫీజులు ఉన్నాయి. గొట్టాలు పండుగలకు అమ్ముడుపోతాయి. జీతం ప్రతి నెలా వస్తుంది. ఉద్యోగం పోతే ఈ వయసులో సర్టిఫికెట్టు లేని టూల్ రూము మనిషిని ఎవరు తీసుకుంటారు?

లేత్ మీద గోనెసంచి కప్పాను. ఇంతటితో ఆపేస్తాను. జీతం, అమ్మకాలు ఈ కాగితం వెనక రాశాను, ఇప్పటివరకు వచ్చినదానికి ఎంత కట్టాలో చెబితే కట్టేస్తాను.

జయంతికి అంతా చెప్పాను. సాయంత్రం పోయి ఆ గోనెసంచి దులిపి, మళ్ళీ సరిగ్గా కప్పి వచ్చింది.

దయానంద్


చిత్తూరు,
25 ఫిబ్రవరి 2025

తమ్ముడూ,

నీకు ఒక మాట చెప్పలేదు. ఆరేళ్ళ క్రితం నేను ఉద్యోగం మానేశాను అని అందరికీ చెప్పాను. మానలేదు. ఫోను ఎత్తితే పేరు వినబడని మనిషి ముందు టేబులు దగ్గర ఎందుకని వాళ్ళే ఇంటికి పొమ్మన్నారు. మర్యాదగానే చెప్పారు, శాలువా కూడా కప్పారు. అప్పటి నుంచి ఆ వీధిలోకి పోలేదు. కూరగాయలకు కూడా చుట్టు తిరిగి పోయేదాన్ని.

నిన్న సోమవారం ఆ మెట్లు ఎక్కాను. నీ లెక్క అడగడానికి. పాత ఆడిటరు గారు లేరు, కూతురు రూపశ్రీ చూసుకుంటోంది. ఆ పిల్ల గౌను వేసుకునే వయసులో నా టైపు మిషను మీద అక్షరాలు కొట్టేది. నన్ను చూసి లేచి నిలబడింది. మాట్లాడకుండా ఒక కాగితం నా ముందు పెట్టి, “ఆంటీ, రాయండి, నేనూ రాస్తాను” అని రాసింది. ఇద్దరం పొద్దు పోయేదాకా కాగితం మీదే మాట్లాడుకున్నాం. ఎదురుగా ఇంకొకామె కూర్చుని, వీళ్ళేమి పరీక్ష రాస్తున్నారా అన్నట్టు చూసింది.

ఇప్పుడు విను. నీ జీతం, నీ లాభం కలిపినా ఏడు లక్షలు దాటవు. కొత్త పద్ధతిలో నువ్వు కట్టవలసిన ఆదాయపు పన్ను సున్నా. అవును, సున్నా. కానీ రిటర్ను వేయాలి, వ్యాపారం ఉందని చెప్పాలి. ఊత్తుకోటకు ఇంతవరకు పంపినవాటికి జీఎస్టీ, వడ్డీ కొంత కట్టవలసి వస్తుంది. మనంతట మనమే పోయి చెబితే దానికి దారి ఉందని రూపశ్రీ రాసింది.

అంటే నిన్ను అడిగేది డబ్బు కాదు. నోరు తెరవమని. అది నీకు డబ్బుకన్నా కష్టమని నాకు తెలుసు. రామచంద్ర కథ నువ్వే మళ్ళీ చదువుకో. ఏజెన్సీ పెట్టినందుకు తీసేశారా, చెప్పనందుకా?

శకుంతలమ్మ ఎనిమిది గొట్టాలు కావాలంటోంది. ఆమె చెల్లెళ్ళకు, పలమనేరులో వియ్యపురాలికి. చిత్తూరు మన రాష్ట్రమే, గుర్తుందా?

నేను మెట్లు ఎక్కాను. నువ్వూ ఎక్కు.

అక్క


సత్యవేడు,
20 మార్చి 2025

అక్కకు,

వందనాలు. నీ ఉత్తరం జయంతి కూడా చదివింది. “వదిన ఇన్నేళ్ళూ మనకు చెప్పనేలేదే” అని చాలాసేపు బాధపడింది. నువ్వు వెళ్ళినందుకు సంతోషం.

కంపెనీకి కాగితం రాశాను. ఒక పేజీ. ఏమి చేస్తున్నానో, ఏ వేళల్లో చేస్తున్నానో, కంపెనీ ఇనుము ఒక ముక్క కూడా వాడలేదని, ఇంతకుముందు చెప్పకపోవడం తప్పని రాశాను. ఆ కాగితం చొక్కా జేబులో పెట్టుకుని చాలా రోజులు తిరిగాను. ఒకసారి జయంతి చొక్కాతో పాటు దాన్ని కూడా ఉతికేసింది. మళ్ళీ రాశాను.

మంగళవారం మేనేజరు బాలచంద్ర గారికి ఇచ్చాను. మదనపల్లె వైపు ఆయన. చదివి కళ్ళద్దాలు తీశారు.

“ఎన్నాళ్ళ నుంచి?”

“ఏడాది దాటింది సార్.”

“నాకు ఎందుకు చెప్పలేదప్పా?”

“మీరు అడగలేదు సార్.”

ఆయన నవ్వారో, కోపపడ్డారో అర్థం కాలేదు. ఒకటి తెచ్చి చూపించమన్నారు. మరుసటి రోజు తెచ్చాను. గేటు దగ్గర సెక్యూరిటీ ఆయన దాన్ని తలకిందులు చేసి చూసి, “బాంబేమో అనుకుంటిని, మురుకులా?” అని పంపాడు. బాలచంద్ర గారు బల్ల మీద పెట్టి పిడి పైకీ కిందికీ ఆడించారు. పిడి కింది పళ్ళచక్రానికి ఎన్ని గాట్లు వేశావు, గొట్టం లోపల ఎలా నునుపు చేశావు అని అడిగారు. చెప్పాను. నేను ఉద్యోగంలో చేరాక ఆయనతో ఇంతసేపు మాట్లాడడం ఇదే.

చివరకు, “నా చేతిలో లేదు. హెడ్డాఫీసుకు రాస్తాను. వాళ్ళు వద్దంటే ఏదో ఒకటే ఎంచుకోవాల్సి వస్తాది. సిద్ధంగా ఉండు” అన్నారు.

గొట్టం తిరిగి ఇవ్వలేదు. నేనూ అడగలేదు.

దయానంద్


చిత్తూరు,
2 ఏప్రిల్ 2025

దయా,

ఇచ్చేశావు. ఇక వాళ్ళు ఏమన్నా సరే, నువ్వు తలవంచుకుని బస్సెక్కే పని లేదు.

జవాబు వచ్చేదాకా రెండు పనులు చెయ్యి. నీ పేరున వ్యాపారానికి విడిగా ఒక ఖాతా తెరువు. ఇంటి డబ్బు, గొట్టాల డబ్బు కలపవద్దు. నువ్వు చిన్నప్పటి నుంచీ రోజూ రాసే జమాఖర్చు ఉందే, దాన్ని నాకు పంపు. నాలుగో నంబరు ఫారానికి అంత వివరం అక్కరలేదు కానీ, నాకు కావాలి. చాలా ఏళ్ళ తరువాత టేబులు తుడుచుకుని కూర్చున్నాను. ఖాళీ టేబులు బాగాలేదు.

ప్రార్థనలో నీ హెడ్డాఫీసును కూడా కలిపాను. పాస్టరు గారు, “ఎవరమ్మా ఈ హెడ్డాఫీసు, ఒంట్లో బాగాలేదా?” అని చీటీ రాసి అడిగారు.

అక్క


సత్యవేడు,
11 మే 2025

అక్కకు,

వచ్చింది. అనుమతి ఇచ్చారు.

బాలచంద్ర గారు పిలిచి కాగితం చేతికిచ్చారు. షిఫ్టు వేళల్లో చేయకూడదు. కంపెనీ సామాను, పరికరాలు వాడకూడదు. కంపెనీ తయారు చేసేవి చేయకూడదు. ఏటా ఒకసారి ఏమి చేస్తున్నానో రాసి ఇవ్వాలి. చదివి సంతకం పెట్టాను.

బయటికి వస్తుంటే ఆయన వెనక నుంచి పిలిచారు.

“ఆ గొట్టం నా దగ్గరే ఉండాది. మా ఆవిడ ఇయ్యనంటుంది. ఎంత?”

“వద్దు సార్.”

“వద్దంటే ఎట్లప్పా? బిల్లు రాయి. మీ అక్కకు లెక్క చెప్పాల కదా.”

నా కాగితంలో నీ గురించి ఒక్క మాట కూడా రాయలేదు. మాటల్లో ఎప్పుడో చెప్పి ఉంటాను. ఈ మధ్య ఎక్కువ మాట్లాడుతున్నానని జయంతి అంటుంది.

ఇంటికి వచ్చేసరికి గోనెసంచి మడిచి గుమ్మం దగ్గర పెట్టి ఉంది. ఆమెకు ముందే ఎలా తెలిసిందని అడిగాను. “మీరు వీధి మలుపు నుంచే సైకిల్ బెల్లు కొట్టుకుంటా వచ్చినారు” అంది.

శకుంతలమ్మ గారి ఎనిమిది ఈ వారంలో పంపుతాను.

దయానంద్


చిత్తూరు,
6 జూలై 2025

దయా,

నిన్న తిరుపతి పోయి వచ్చాను. నిస్సీ సెలవు పెట్టుకుని బస్టాండుకు వచ్చింది. ఎంత ఎదిగిందిరా. నర్సు కదా, ముందు నా కాళ్ళ వాపు చూసింది, తరువాతే కుశలం అడిగింది. కంప్యూటరు సెంటరులో ఇద్దరం కూర్చున్నాం. నేను వేలు పెట్టి చూపించడం, అది కొట్టడం. నీ ఫోనుకు వచ్చిన ఓటీపీ నంబర్లు అడిగి అడిగి నిన్ను విసిగించింది మేమే.

జీఎస్టీ దరఖాస్తులో ఒకచోట ఆగాము. చట్టప్రకారం పేరు అని ఒక గడి, వ్యాపారం పేరు అని ఇంకొక గడి. మొదటిదానిలో నీ పేరు పడింది, పాన్ కార్డులో ఉన్నట్టే. రెండోది ఏమి పెట్టాలని నిస్సీ నన్ను చూసింది. నేను దాన్ని చూశాను.

“అత్తా, అమ్మకు చెప్పకుండా పెట్టేద్దామా?”

“పెట్టెయ్. ఎవురి చెయ్యి నొచ్చిందని మొదలైంది ఇదంతా?”

‘జయంతి మురుకుల గొట్టాలు’ అని పెట్టాము. ఈసారి దాచడానికి కాదు. ఇప్పుడు నువ్వు మార్చినా నేను ఒప్పుకోను.

నంబరు వచ్చాక బిల్లు పుస్తకం అచ్చు వేయించు. ఆదాయపు పన్ను రిటర్ను కూడా వేసేశాము. గడువు సెప్టెంబరు పదిహేనుకు పొడిగించారు కానీ నాకు ఆగబుద్ధి కాలేదు. నీ జమాఖర్చు ప్రకారం నిజంగా మిగిలినంతా లాభంగా చూపించాను. కట్టవలసింది సున్నా అని తెర మీద వచ్చినప్పుడు నిస్సీ ఫోటో తీసుకుంది.

ఇంకొక మాట. రూపశ్రీ కబురు పంపింది. జీతంతో పాటు చిన్న చిన్న వ్యాపారాలు చేసుకునేవాళ్ళ ఫైళ్ళు చాలా ఉన్నాయట. వారానికి మూడు రోజులు వచ్చి చూడమంది. ఫోను ఎత్తే పని లేదు, అన్నీ కాగితం మీదే అని రాసింది. రేపటి నుంచి పోతున్నాను.

అక్క


సత్యవేడు,
24 ఆగస్టు 2025

అక్కకు,

వందనాలు. నువ్వు పనికి పోతున్నావని చదివి జయంతి పాయసం చేసింది. నువ్వు లేకుండానే తిన్నాం.

జీఎస్టీ నంబరు వచ్చింది. పాతవాటికి కట్టవలసింది రూపశ్రీ గారు చెప్పినట్టే కట్టేశాను. బిల్లు పుస్తకాలు నిన్న వచ్చాయి. పైన పెద్ద అక్షరాల్లో జయంతి పేరు, కింద చిన్నగా నా పేరు. ఒక పుస్తకం తీసుకుని జయంతి వంటింట్లోకి పోయింది. చాలాసేపటికి తిరిగి ఇచ్చింది. ఒక మూల పిండి అంటుకుని ఉంది.

నువ్వు చేసిన పనికి నాకు బిల్లు పంపాలి. ఈ ఫారానికి ఖర్చులు చూపనక్కరలేదని రాయవద్దు, అది నాకు తెలుసు. నా జమాఖర్చులో నీ పేరు ఉండాలి.

ఈ రోజు ప్రార్థన అయ్యాక ఊత్తుకోటకు పోయాను. మొదటి నంబరు బిల్లు ధనశేఖర్‌కు రాశాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి, “ఎన్న సార్, పెద్ద కంపెనీ ఆయిపోయినారే” అని అరవం కలిపి అన్నాడు. పన్ను కలిసినందుకు కొంచెం గొణిగాడు. అన్నీ తీసుకున్నాడు, దీపావళికి ఇంకా కావాలన్నాడు.

పోయేటప్పుడు బస్సులో ఆ పాత కండక్టరే ఉన్నాడు. పెట్టె చూసి అలవాటుగా అడిగాడు.

“ఎవురిదప్పా ఈ పెట్టె?”

“నాదే.”

“ఇన్నాళ్ళూ తెలిసినవాళ్ళది అంటా ఉంటివే?”

“ఆ తెలిసినాయన నేనే.”

ముందు సీట్లో ఇద్దరు ఆడవాళ్ళు తిరిగి చూసి, లోపల ఏముందని అడిగారు. పెట్టె విప్పి చూపించాను. సరిహద్దు దాటేదాకా దాని గురించే మాట్లాడాను.

పెట్టెకు లగేజీ టికెట్టు కూడా తీసుకున్నాను. ఈ ఉత్తరంలో పెడుతున్నాను. ఫైల్లో ఉంచు.

నీ తమ్ముడు
దయానంద్